పన్నెండు వోల్టుల విజయదశమి

అలాంటి ఎలక్ట్రానిక్ బోర్డు ఇప్పుడు మీకు కావాలంటే ఫోను మీద నాలుగుసార్లు వేలు ఆనిస్తే చాలు, రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. తప్పుగా కలిపితే తనంతట తానే ఆగిపోయేవి కూడా వచ్చాయట. కాబట్టి ఒక అరచేతి బోర్డు గురించి ఈ రిటైరైన మనిషి ఇంత చెబుతుందేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి. ఆ బోర్డు కోసం నేను ఒక దీపావళి ముందు మా యజమానితో మొండికేశాను. ఆ తర్వాత ఉద్యోగంలో చాలామందితో మొండికేశాను గానీ, ఆ విద్య నేర్చుకున్నది మాత్రం అప్పుడే.

తొంభైల చివర్లో సంగతి. మద్రాసు అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో మాదొక చిన్న కంపెనీ. ఫ్రిజ్‌లకూ టీవీలకూ వోల్టేజి స్టెబిలైజర్లు చేసేవాళ్లం. యజమానిని అందరం ముదలాళి అనేవాళ్లం. అరవంలో యజమాని అనే అర్థం. మాలాగే ఆయనదీ తరాల కిందట మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. మంచి మనిషి. ఆయనకున్న జబ్బు ఒక్కటే. వంకరగా ఉన్నది దేన్నీ చూడలేడు. గోడమీద క్యాలెండరు వాలితే సరిచేస్తాడు. నా బల్లమీద స్క్రూడ్రైవర్లు అడ్డదిడ్డంగా ఉంటే, మాట్లాడుతూనే ఒక వరసలో పేరుస్తాడు. గేటు దగ్గర మేం విడిచిన చెప్పుల్ని రోజూ గొడుగు మొనతో జతలు జతలుగా సర్దిగానీ లోపలికి వచ్చేవాడు కాదు. మేమంతా చాటున నవ్వుకునేవాళ్లం.

స్టెబిలైజర్ల గిరాకీ తగ్గుతూ ఉండటంతో, కొత్తది ఏదైనా చేద్దామని ఆయన్ను ఒప్పించి మేడమీద ఒక గది సంపాదించుకున్నాం. గదిలో ముగ్గురం. గుంటూరు వైపు నుంచి వచ్చిన సీనియర్ ఇంజనీరు ఒకాయన. ఏ పని మొదలుపెట్టినా అది ఎందుకు చెడుతుందో ముందే చెప్పగల మేధావి. టంకం పెట్టడంలో చెయ్యి తిరిగిన అక్క ఒకామె. మా వాషర్‌మెన్‌పేట్ మనిషే, పక్క వీధి. మూడో మనిషిని నేను. అంతకు ముందు కింద రిపేరు బల్ల దగ్గర కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు విప్పుతూ ఉండేదాన్ని. ఆ కాలిన వార్నిష్ కంపు నా జడలోంచి పోయేది కాదు. మేడమీది గది మూతపడితే మళ్లీ ఆ బల్లకే. అందుకే ఆ గది నాకు ప్రాణం.

మేం చేయబూనింది గ్యాసు అలారం. మద్రాసుకు ఉత్తరాన మనలి అనే చోట ఒక రసాయనాల ప్లాంటు వాళ్లు అడిగారు. అప్పటికి ఆ ప్లాంటులో గ్యాసు లీకైతే మొదట కనిపెట్టే యంత్రం కూలివాళ్ల ముక్కే. ముక్కు పసిగట్టేసరికి మనిషి కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలూ ఉన్నాయట. ఆ ముక్కు చేసే పని పెట్టె చేయాలి. చేసి, దీపావళికి ముందు వారంలో ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు ఎదుట మోగించి చూపాలి. చూపలేకపోతే వాళ్లు విదేశీ పెట్టె కొనుక్కుంటారు, మా గది మూతపడుతుంది. ఇదీ ఒప్పందం.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పక తప్పదు. మేం వాడదలచిన చిప్పు కొత్త రకం. వేలిగోరంత ఉంటుంది, కాళ్లేమో వెంట్రుకల్లా ఉంటాయి. ప్రయోగాలకు వాడే మామూలు బోర్డులో గుచ్చడానికి కుదరదు. అందుకని దాన్ని అతికించి, కాళ్లను వెడల్పుగా బయటికి లాగి పిన్నులుగా నిలబెట్టే చిన్న బోర్డు ఒకటి గీశాను. దానికి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, కరెంటు అందించే రాగి పట్టాలు. ఏ పట్టాకు ఎన్ని వోల్టులు వెళ్లాలో మనమే ఎంచుకోవచ్చు. ఒక్కో పట్టా పక్కన పిన్నులు జతలు జతలుగా నిలువు వరసలో ఉంటాయి. శనగగింజంత నల్ల టోపీని కింది జతకు తొడిగితే మూడు పాయింట్ మూడు వోల్టులు, మధ్య జతకు తొడిగితే అయిదు, పై జతకు తొడిగితే పన్నెండు. చిప్పు ఎడమ పట్టా మీద బతుకుతుంది. దానికి మూడు పాయింట్ మూడు వోల్టులు దాటాయంటే ప్రాణం మీదికి వస్తుంది. సైరన్‌ను నడిపే రిలే కుడి పట్టా మీద ఉంటుంది, పన్నెండు లేనిదే అది కదలదు. కాబట్టి ఎడమ టోపీ ఎప్పుడూ అడుగున, కుడి టోపీ ఎప్పుడూ పైన. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

శాంపిలుగా దొరికిన చిప్పులు మూడే. మొదటిది అతికించేటప్పుడే పోయింది. రెండోది బోర్డెక్కి, చెప్పినట్టల్లా వినడం మొదలుపెట్టింది. లైటర్‌లోంచి కాస్త గ్యాసు వదిలితే సైరన్ ఎస్టేటంతా మోగేది. కింద టీ కొట్టువాడు పైకొచ్చి తిట్టిపోయాడు కూడా. సీనియర్ కూడా ఒప్పుకున్నాడు, తనదైన పద్ధతిలో. "ఇప్పటిదాకా బానే ఉందండీ. ముందు ముందు చూడాలి" అన్నాడు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మద్రాసులో ఫ్యాక్టరీలకు అంతకన్నా పెద్ద పండగ లేదు. లేతు మిషను నుంచి స్క్రూడ్రైవరు దాకా అన్నీ తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టి, పూలు వేస్తారు. ఆ రోజు వాటిని ఎవరూ వాడకూడదు. మర్నాడు విజయదశమి పొద్దున పెద్ద చెయ్యి మొదట ఆన్ చేశాకే మిగతావాళ్లు ముట్టుకోవాలి. మా ముదలాళికి ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. గంధం గిన్నె పట్టుకుని, శ్లోకం చదువుకుంటూ, ఒక్కడే గది గదికీ తిరిగి బొట్లు పెట్టేవాడు. మేమందరం కింద బొరుగులూ ఉడికించిన శనగల సుండలూ పొట్లాలు కడుతూ, గుమ్మడికాయ ఎప్పుడు కొడతారా అని చూస్తూ ఉండిపోయాం.

మర్నాడు పొద్దున అందరూ మా గదిలో చేరారు. కొత్త పనికి ఆయన చేత్తోనే బోణీ కావాలి కదా. బోర్డు మీద సామంతిపూల చెండు ఒత్తుగా కప్పి ఉంది, కింద ఏముందో కనపడదు. ఆయన ఆన్ చేయకముందు ఎవరూ ముట్టుకోరు. ఆయన కళ్లు మూసుకుని, కుడిచేత్తో స్విచ్ వేశాడు.

చిన్న చప్పుడు, టప్పున. సామంతిపూల కిందనుంచి సన్నగా పొగ లేచింది. నేను ఉరికి స్విచ్ ఆపి చెండు తీసేసరికి చిప్పు నడినెత్తిన చిల్లు పడి ఉంది. విజయదశమి నాడు, మొదటి బోణీకే, పూజ చేసిన వస్తువు కాలిపోవడం. అంతకన్నా అపశకునం ఇంకేముంటుంది?

సీనియర్ వంగి చూశాడు. "టోపీలు చూడమ్మా. రెండూ పైనే ఉన్నాయి. చిప్పుకీ పన్నెండు, రిలేకీ పన్నెండు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా?" అన్నాడు. నేను అలా వదల్లేదని చెబితే, "మరి వాటికి కాళ్లొచ్చాయా?" అన్నాడు. అందరూ నావైపే చూశారు. ముదలాళి మాత్రం ఎవరివైపూ చూడలేదు. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కిందికి దిగిపోయాడు. మధ్యాహ్నానికల్లా కబురు వచ్చింది, ఈ పని ఆపేయమని, దీపావళి అయ్యాక గది ఖాళీ చేయమని.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎడమ టోపీ నేను అడుగునే వదిలానని నాకు తెలుసు. బోర్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పెట్టి చూశాను. అప్పుడు కనపడింది. టోపీల మీదుగా గంధం చార ఒకటి, ఎడమ టోపీ నెత్తినుంచి బోర్డు మీదుగా కుడి టోపీ నెత్తిదాకా, ఎక్కడా తెగకుండా, గీత గీసినట్టు. అడుగున ఉన్న టోపీకీ పైన ఉన్న టోపీకీ అంత తిన్నగా చార రాదు. గంధం పెట్టేటప్పటికే టోపీలు రెండూ ఒక మట్టాన ఉన్నాయన్నమాట. గంధం పెట్టిన చెయ్యి ఒక్కటే. క్యాలెండర్లు సరిచేసే చెయ్యి, చెప్పులు జతపరిచే చెయ్యి.

అక్కకు చూపించాను. ఆమె చూసి, చెంపలు వేసుకుని, గొంతు తగ్గించింది.

"అమ్మే, ఈ మాట ఆయన కాడికి పోయి అనబోకు. పూజ చేసిన మనిషిని పట్టుకొని నువ్వే కాల్చినావని ఎట్టా చెప్తావు?"

"మరి నేను కాల్చానని అంటుంటే ఊరుకోవాలా?"

"ఊరుకోమన్లేదు. ఎట్టా చెప్పాల్నో అది చూడమంటా ఉండా. నోటితో చెప్తే ఆయన మొగం చిన్నబోతాది."

నేను వినలేదు. బోర్డు కొంగులో పెట్టుకుని ఆయన గదికి పోయాను, మొహమ్మీదే చెప్పేద్దామని. ఆయన కుర్చీలో వాలి ఉన్నాడు. బల్లమీద పెన్నులు చెల్లాచెదురుగా ఉన్నాయి. అది చూస్తేనే నాకు భయం వేసింది, ఆయన వాటిని సర్దడం లేదు.

"నీమీద కోపం లేదమ్మా," అన్నాడు నేను నోరు తెరవకముందే. "నీ తప్పని నేను అనుకోలా. నా చెయ్యే మంచిది కాదు. సుమ్మా, ఊరికే చెప్పటంలా. మా తమ్ముడి అంగడికి నేనే దీపం పెట్టినా. ఏడాది తిరక్కుండా మూతబడిపోయింది. మొదట మనకు వేరే షెడ్డు ఉండాది, నీకు తెలీదులే. ఆడ మెయిన్ స్విచ్ నేనే వేసినా. తగలబడిపోయింది. ఇప్పుడిది. మనలి ప్లాంటులో మనుషుల ప్రాణాలమ్మా. నా చెయ్యి బడిన వస్తువును ఆడ పెట్టేదానికి నాకు ధైర్యం చాలటంలా."

కొంగులో బోర్డు ఉంది. అందులో జవాబు ఉంది. తీసి చూపిస్తే చాలు. కానీ ఆ ముసలాయన తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని పరాయి వస్తువును చూసినట్టు చూసుకుంటుంటే దాన్ని బయటికి తీయలేకపోయాను. నువ్వే చేశావని నేనంటే నమ్ముతాడా? నింద తప్పించుకోవడానికి అంటున్నాననుకోడూ? నమ్మినా, చిన్నపిల్ల చేత అనిపించుకున్న బాధ మిగులుతుంది, చేతి మీద అనుమానమూ మిగులుతుంది. అది ఆయనకు ఆయనే చూసుకోవాలి. అలా చూపించే బోర్డు నేను చేయాలి.

"సార్, ఒక చిప్పు మిగిలింది. ట్రయల్ రోజుదాకా గది నాకివ్వండి" అన్నాను.

"వద్దమ్మా, విను."

"వినను సార్. ఆ రోజు పొద్దున మీరే చూడండి. అప్పుడూ వద్దంటే నేనే తాళం వేసి, తాళంచెవి మీ చేతికిచ్చి కిందికి దిగిపోతాను."

"నీ ఇష్టం. నన్ను మాత్రం తాకమని అడగబాకు" అన్నాడు. నేను అడగబోయేది సరిగ్గా అదేనని అప్పుడు చెప్పలేదు.

తర్వాతి రోజులన్నీ నేను మనిషిలా లేను. నా మొదటి బోర్డులో లోపం ఒకటుందని గంధం చార చూశాకే నాకు తట్టింది. చిప్పును చంపే పన్నెండు వోల్టుల్ని దాని పక్కనే, అదే వరసలో, అదే టోపీకి అందేలా పెట్టాను. చెయ్యి ఎవరిదైనా ఏదో ఒకనాడు తప్పుతుంది. చెయ్యి తప్పినా వస్తువు తప్పకుండా ఉండాలి. కొత్త బోర్డులో ఎడమ వరసకు పన్నెండు వోల్టుల జతే లేకుండా తీసేశాను. కుడి వరసకు పిన్నుల మధ్య దూరం పెంచాను. దానికి పెద్ద టోపీ కావాలి, చిన్నది అక్కడ తొడగదు, పెద్దది ఇక్కడ తొడగదు. పొరపాటున ఎడమ టోపీని అయిదుకు తొడిగినా, చిప్పుకు ముందు ఒక ఫ్యూజు కాలి ఎర్రదీపం వెలిగేలా పెట్టాను. ఫ్యూజు పోతే పోతుంది, చిప్పు బతుకుతుంది.

ఆ పెద్ద టోపీల కోసం ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచ్చీ వీధిలో కొట్టు కొట్టూ తిరిగాను. లేదు, లేదు, లేదు. చివరికి పాత కంప్యూటర్లు విప్పే ఒకాయన గంపెడు తుక్కు ముందు పోసి, నువ్వే ఏరుకో అన్నాడు. నేల మీద కూర్చుని ఏరుకున్నాను. వానలు మొదలయ్యాయి. ఎస్టేటు రోడ్లు మడుగులయ్యాయి, చీర మోకాళ్లదాకా ఎత్తుకుని నడిచేవాళ్లం. గీతలు పోను మిగతా రాగి కరిగించి కడిగిన బోర్డు ఆ చెమ్మకు ఆరదు. అక్క తన వేడి అన్నం గిన్నె మూతమీద పెట్టి ఆరబెట్టింది. సీనియర్ రోజూ వచ్చి, "ఆఖరి చిప్పమ్మా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు" అని చెప్పి పోయేవాడు. ఒకరోజు మాత్రం ఊరికే పోకుండా నిలబడి, నేను గీసిన బోర్డు చూసి, ఫ్యూజు ఇంకొంచెం చిన్నది వేయమన్నాడు. ఆయన అన్నదే సరైనది. వేశాను.

అక్క ఆఖరి చిప్పు అతికించేటప్పుడు గదిలో ఫ్యాను ఆపించింది, నన్ను బయటికి పంపింది. "నువ్వు పక్కన ఊపిరి పీల్చినా నాకు చెయ్యి వణుకుతాది, పో" అంది.

ట్రయల్ రోజు వచ్చింది. పొద్దున్నే వ్యాను గేటు దగ్గర ఆగింది. సీనియరూ అక్కా సైరనూ బ్యాటరీలూ ఎక్కిస్తున్నారు. ఆ సమయం చూసి నేను ముదలాళిని మేడమీదికి పిలిచాను. వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని. బల్లమీద బోర్డు ఉంది, టోపీలు లేకుండా. వాటిని ఆయన ముందు పెట్టాను.

"మీరే తొడగండి సార్."

"నేను తాకనని చెప్పినా కదమ్మా."

"మీరు తొడగకపోతే నేను మనలికి రాను. వ్యానులోంచి సామాను దించేయమనండి."

చాలా పెద్ద మాటే అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యం. ఆయన నన్ను కోపంగా చూశాడు. తర్వాత ఆ కోపంలోనే పెద్ద టోపీ తీసి కుడి వరసలో పై జతకు తొడిగాడు. సరిగ్గా కూర్చుంది. చిన్నది తీశాడు. దాని చోటు నేను చెప్పలేదు. ఆయన వేళ్లు ఆలోచించకుండానే, తమ అలవాటు కొద్దీ, దాన్ని ఎడమ పక్క పైకి తీసుకెళ్లాయి, మొదటిదానికి సమంగా. అక్కడ పిన్నులు లేవు, ఉత్త బోర్డు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఏమ్మా, ఇది ఈడ పోవటంలా?"

"అక్కడికి పోదు సార్. పోకూడదు. దానిది అడుగు."

"ఒకటి పైన, ఒకటి కింద పెడితే బాగలేదే..." అన్నాడు. ఆ మాట సగంలో ఆగిపోయింది.

చిన్న టోపీ ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అలాగే ఉంది. దాన్ని చూశాడు, ఖాళీగా ఉన్న పైచోటు చూశాడు, నన్ను చూశాడు. నేను సొరుగులోంచి పాత బోర్డు తీసి పక్కన పెట్టాను. గంధం చార ఎండి తెల్లగా అలాగే ఉంది.

"ఆ పొద్దు ఒకటి జారిపోయింటాదని అనుకున్నా," అన్నాడు మెల్లగా. "సరిచేసి బొట్టు పెట్టినా. అంటే... నేనా?"

"అవును సార్."

సిగ్గుపడతాడనుకున్నాను, కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"అంతేనా అమ్మా? తప్పు చేసింది, అంతేనా? తప్పు చేసిన చెయ్యి దిద్దుకుంటాది. చెడ్డ చేతిని ఏం చేసుకొనేది? ఇన్నేళ్లూ చెడ్డదనే అనుకుంటా ఉండా."

లేచి, చిన్న టోపీని అడుగున తొడిగి, తనే స్విచ్ వేశాడు. పచ్చదీపం వెలిగింది.

మనలిలో సేఫ్టీ ఆఫీసరు మాట పొదుపరి. చిన్న సీసాలోంచి గ్యాసు వదిలాడు. సైరన్ ప్లాంటు దద్దరిల్లేలా మోగింది. పైపుల దగ్గర పనిచేస్తున్న కూలివాళ్లు చేతిలోవి పడేసి గేటువైపు పరుగెత్తారు. వాళ్లు గేటు దాటేదాకా నేను అటే చూశాను. ఇన్నాళ్లూ వాళ్లకు ముందుగా చెప్పేవాళ్లు లేరు. ఆఫీసరు మళ్లీ వదిలాడు, మళ్లీ మోగింది. "పరవాయిల్లయే" అన్నాడు. ఫర్వాలేదే అని. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే పని అయినట్టేనని తర్వాత తెలిసింది.

సాయంత్రం మేం తిరిగి వచ్చేసరికి షిఫ్టు వదిలి అందరూ గేటు దగ్గర ఉన్నారు. పని దొరికిందని సీనియర్ చెప్పబోతుంటే ముదలాళి ఆపి, తన కుడిచెయ్యి పైకెత్తాడు.

"పండగ నాడు చిప్పు కాలింది ఈ అమ్మాయి వల్ల కాదు, శకునం వల్ల కాదు. ఈ చెయ్యి ఎడమ టోపీని మార్చింది. తెలీక మార్చింది. అందరూ వినండి," అన్నాడు. తర్వాత సీనియర్ వైపు తిరిగి, "టోపీలకు కాళ్లు రాలా, నాకే వేళ్లు ఊరుకోలా" అన్నాడు. సీనియర్ నావైపు చూసి, కళ్లజోడు తుడుచుకున్నాడు. మర్నాడు నా బల్లమీద కాఫీ పెట్టి పోయాడు. ఆయన వైపునుంచి అది క్షమాపణ.

నేనూ ముదలాళీ లోపలికి పోబోతుంటే, హడావుడిలో నేను విడిచిన చెప్పులు ఒకటి ముందు, ఒకటి వెనక పడ్డాయి. ముదలాళి గొడుగు మొన వాటివైపు వెళ్లింది. మధ్యలో ఆగింది. ఆయన నావైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇవి ఇట్టనే ఉండాల్నా, సరిచేయొచ్చునా?"

"సరిచేయొచ్చు సార్," అన్నాను.